పోపు మాడిందా?

మొన్న నంద్యాలలో గాజుల కొట్టుకు పోతే, అక్కడ నిలబడిన అమ్మాయి నన్నడక్కుండానే నా మణికట్టు మీద సెంటు చిమ్మింది. కొత్తగా వచ్చిందట, వాసన చూడమంది. నేను చూడలేదు, గాజులూ కొనలేదు. ఇంటికొచ్చి చెయ్యి మూడుసార్లు సబ్బుపెట్టి కడుగుతుంటే నా కోడలు నవ్వింది. సెంటు వాసనకు నాకు తలనొప్పి వస్తుందని మా ఇంట్లో అందరి నమ్మకం. అట్లా నమ్మించింది నేనే. పెళ్ళిళ్ళలో పన్నీరు చల్లేవాళ్ళు వస్తుంటే లేచి పక్కకు పోతాను. తలనొప్పీ లేదు, పాడూ లేదు. సెంటు వాసన తగిలితే మా అత్త గుర్తొస్తుంది. ఆమెకు నేను చేసిన పని గుర్తొస్తుంది.

అత్త అంటే మా నాయనకు అక్క. ఆళ్లగడ్డలో చర్చి పక్కనున్న చిన్న బడిలో పంతులమ్మ. పెళ్ళైన నాలుగేళ్ళకే మామ పోయాడు, పిల్లలు లేరు. ఆమె పంతులమ్మగా ఎట్లా ఉండేదో చెప్పేవాళ్ళు ఇంకా ఒకరిద్దరు ఉన్నారు, వాళ్ళు చెప్తే వినాల్సిందే తప్ప నాకు తెలియదు. నాకు తెలిసింది పక్షవాతం వచ్చిన తర్వాతి అత్త. కర్నూలు రాజధాని అవుతుందని ఊరంతా మాట్లాడుకుంటున్న ఎండాకాలం అది. బోర్డు మీద రాస్తూ రాస్తూ సుద్దముక్క జారవిడిచిందట. వంగి తీసుకోబోతే చెయ్యి కదల్లేదట. పిల్లలు నవ్వారట, పంతులమ్మ ఆటాడుతోందనుకుని. కాలు మూడు నెలల్లో చాలావరకు తిరిగొచ్చింది. మూతి కొంచెం వంకరగా నిలిచిపోయింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు.

ఆ చేతిని ఆమె వదిలెయ్యలేదు. ఎవరైనా ఎదురైతే మేము "వందనాలు" అని రెండు చేతులూ జోడిస్తాం కదా. అత్త ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, ఆ చేతిని రొమ్ము దాకా పైకెత్తి, అప్పుడు రెండరచేతులూ కలిపేది. అంతసేపు ఎదుటివాళ్ళు నిలబడాలి. కొందరు ఆగలేక ముందుకు పోయేవాళ్ళు. అత్త మాత్రం ఆపేది కాదు, పోయినవాళ్ళ వీపుకైనా వందనం పూర్తిచేసేది. ఎడమచేత్తో ఇచ్చేటప్పుడు మొదట్లో "ఎడమచెయ్యి, ఏమీ అనుకోగాకండి" అని చెప్పేది. ఏడాది తర్వాత ఆ మాట మానేసింది. తీసుకుంటే తీసుకోండి, లేకుంటే లేదు అన్నట్టు చాచేది.

పక్షవాతం వచ్చిన ఆరేడు నెలలకు ఫిట్సు మొదలయ్యాయి. మొదటిసారి నంద్యాలలో మా ఇంట్లోనే వచ్చింది. మధ్యాహ్నం భోజనాలైపోయాయి, పొయ్యి చల్లారింది, మా అమ్మ నడుం వాల్చింది. అత్త గోడకానుకుని కూర్చుని, "పోపు మాడింది, చూడండే" అంది. పొయ్యి మీద ఏమీ లేదని మా అమ్మ చెప్తూండగానే అత్త తల ఒక పక్కకు తిరిగింది, మనిషి కొయ్యబారి కింద పడి కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఇరుగుపొరుగు వచ్చారు. ఒకామె చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టింది, ఒకాయన చెప్పు తెచ్చి ముక్కు దగ్గర పెట్టాడు, ఇంకెవరో నాలుక కరుచుకుంటుందని పళ్ళ మధ్య గరిటె కాడ దూర్చారు. ముందుపన్ను ఒకటి విరిగింది. లేచాక అత్త మొదట చూసుకున్నది ఆ పన్నునే.

అప్పటినుంచీ ప్రతిసారీ అంతే. ముందు మాడిన ఆవాల వాసన, దాని వెనక ఫిట్సు. మధ్యలో దొరికేది లోటాడు నీళ్ళు తాగేంత సేపు. ఆ కాస్త వ్యవధిని అత్త తన బడిలాగే నడిపింది. వాసన తగలగానే ఉన్నచోటే నేల మీద కూర్చునేది. కొప్పులోని పిన్నులు తీసి పక్కన పెట్టేది. కళ్ళజోడు తీసేది. దగ్గరున్నవాళ్ళకు ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పేది: "పక్కకు తిప్పి పండబెట్టండి. నోట్లో ఏమీ పెట్టగాకండి. నీళ్ళు పోయగాకండి. తాళంచెవులు, చెప్పులు తేగాకండి. లేసినాక నేనే మాట్లాడతా." పరాయి ఊళ్ళో పరాయివాళ్ళకు కూడా ఇదే చెప్పేది. బస్సెక్కితే తన పక్కన కూర్చునే మనిషిని ముందే చూసిపెట్టుకుని, బస్సు కదలకముందే ఆ మనిషికి పాఠం చెప్పేది. కొందరు వినీ వినగానే లేచి వేరే సీటుకు పోయేవాళ్ళు. "పోనీ, భయపడేవాళ్ళు పక్కనుంటే నాకేం లాభం" అనేది.

ఒక్కటే చిక్కు. మాడిన వాసన నిజంగానే వస్తోందా, తన తలలోంచి వస్తోందా అన్నది ఆమెకు తెలిసేది కాదు. తెలుగువాళ్ళ ఇళ్ళల్లో రోజుకు రెండుసార్లన్నా ఆవాలు మాడకుండా ఉంటాయా? అందుకని అడిగేది, "పోపు మాడిందా?" అని. మాడిందంటే హాయిగా ఊపిరి తీసుకుని తన పని తాను చూసుకునేది. లేదంటే కూర్చునేది. మా ఇంట్లో అది చట్టం. ఆ ప్రశ్నకు ఎవరూ పరాచికం ఆడకూడదు, ఎవరూ అబద్ధం చెప్పకూడదు. వాసన ఉంటే ఉందనాలి, లేకపోతే లేదనాలి. మా నాయన అందరినీ కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పాడు. అత్తకు ముక్కు మనమే అన్నాడు.

నంద్యాలలో స్టేషన్‌కు పోయే దారిలో ఒక డాక్టరు ఉండేవాడు, నెమ్మదైన మనిషి. ఆయన తెల్లమాత్రలు రాసిచ్చాడు, పొద్దునొకటి, పడుకునేముందొకటి. ఒక్కపూట కూడా మానకూడదు, ఉన్నట్టుండి మానేస్తే ఫిట్సు ఒకదాని మీద ఒకటి వస్తాయి అని గట్టిగా చెప్పాడు. మాత్రలు పనిచేశాయి. నెలకు నాలుగైదుసార్లు పడే మనిషి రెండు మూడు నెలలకు ఒకసారి పడటం దాకా వచ్చింది. కాని ఆ మాత్రలు ఫిట్సును ఒక్కదాన్నే తీసుకుపోలేదు. కూర్చున్నచోటే కునికేది. నడుస్తుంటే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. చెప్పబోయే మాట నాలుక మీదికి రాక, కోపం ముందొచ్చేది. ఒకసారి చెంబు నా మీదికి విసిరింది, అది తగల్లేదు గాని, అత్త దాన్ని తీసుకోవడానికి పోయి అక్కడే కూర్చుని ఏడ్చింది. "ఫిట్సు వస్తే పావుగంట పోతాది. మాత్ర మింగితే పగలంతా పోతాది. ఏది మేలు మే?" అని అడిగింది. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు. మింగు అత్తా అన్నాను.

ఇది పంతొమ్మిదివందల యాభై ఐదు నాటి మాట. టీచరుగా నాకు మొదటి పోస్టింగు ఆళ్లగడ్డలోనే వచ్చింది. అత్త ఇంట్లో దిగి రెండేళ్ళున్నాను. ఇల్లంటే ఒక గది, ముందు చిన్న వసారా. అత్త బడికి పోవడం అప్పటికే ఆగిపోయింది. బడివాళ్ళు పొమ్మనలేదు. పిల్లల తల్లిదండ్రులు ఒక్కొక్కరే పిల్లల్ని మాన్పిస్తుంటే ఈమే పోవడం మానేసింది. చర్చిలో ఆడవాళ్ళు చాపల మీద కూర్చుంటారు. ఎంత జనం వచ్చినా అత్త చుట్టూ ఒక మనిషి పట్టేంత చాప ఖాళీగా ఉండేది. నేను పోయి ఆ ఖాళీలో కూర్చుంటే, "నువ్వు అట్లా పో మే, అందరితో కూర్చో" అని మోచేత్తో పొడిచేది. నేను పోయేదాన్ని కాదు. ఆ రెండేళ్ళు నేను మంచిదాన్నే.

మాత్ర వేసుకున్నానా లేదా అన్న సంగతిని ఆ మాత్రే మరిపించేది. దానికి అత్త చింతగింజల ఉపాయం కనిపెట్టింది. రెండు మట్టిమూకుళ్ళు, ఒకదాంట్లో గింజలు. మాత్ర మింగగానే ఒక గింజ రెండో మూకుట్లో వేసేది. సాయంత్రం నేను బడినుంచి రాగానే మూకుడు చూసి, పొద్దుటి గింజ పడిందా లేదా అని తనిఖీ చేసేదాన్ని. ఎప్పుడన్నా మరిచి ఉంటే ఆమె నా ముందు బడిపిల్లలా నిలబడేది, అది ఇద్దరికీ నవ్వుగా ఉండేది.

ఇప్పుడు కీర్తన సంగతి చెప్పాలి. మా సంఘంలో ఏ పెళ్ళి జరిగినా తాళి కట్టే ముందు పాడే పెళ్ళికీర్తనను ఇరవై ఏళ్ళుగా అత్తే ఎత్తుకునేది. ఆమె మొదటి చరణం పాడితే మిగతావాళ్ళు అందుకోవడం వాడుక. పక్షవాతం వచ్చాక ఎవరూ ఆమెను పాడమనలేదు. మూతి వంకర వల్ల, మాత్రల మొద్దు వల్ల కొన్ని అక్షరాలు ఆమె నోట్లో తడబడేవి. నాకు చాగలమర్రి సంబంధం కుదిరిందని నాయన ఉత్తరం రాసిన రోజున అత్త ఆ ఉత్తరం రెండుసార్లు చదివించుకుని, "నీ పెండ్లికి నేనే ఎత్తుకుంటా" అంది.

మరునాటినుంచీ వసారాలో సాధన. నిదానంగా, ఒక్కో మాటా పట్టుకుని. దాంతోపాటు ఇంకో సంగతి కూడా పట్టుకుంది. పొద్దుటి మాత్ర తెల్లవారగానే వేసుకుంటే పదిగంటలకు నాలుక మొద్దుబారుతోంది. అదే కాస్త ఆలస్యంగా, ఏమన్నా తిన్నాక వేసుకుంటే మధ్యాహ్నం దాకా మాట తేటగా ఉంటోంది. నన్ను పంపి డాక్టరును అడిగించింది. రెండూ మానకుండా వేసుకుంటే చాలు, పొద్దుటిది కాస్త అటూ ఇటూ జరిగినా ఫరవాలేదన్నాడాయన. పెళ్ళినాటికి ఏడు నెలలుగా అత్త పడలేదు. ఒక ఆదివారం పొద్దున వసారాలో కీర్తన మొదటి చరణం ఒక్క అక్షరం తడబడకుండా పాడింది. లోపల గంజి వారుస్తున్న నేను గరిటె పట్టుకునే బయటికొచ్చాను. ఆమె నా వైపు చూడలేదు. మళ్ళీ మొదటినుంచి పాడింది.

మావాళ్ళకు ఈ సంతోషం లేదు. చాగలమర్రి వాళ్ళు సంబంధం మాట్లాడటానికి వచ్చినప్పుడు, పిల్లవాడి తల్లి మా అమ్మను పక్కకు పిలిచి, మీ ఇంట్లో ఎవరికో మూర్ఛ ఉందంట గదా అని అడిగింది. అది పక్షవాతం వల్ల వచ్చింది గాని వంశంలో లేదని మా అమ్మ ఒట్టుపెట్టినంత పని చేసింది. ప్రధానానికి అత్తను పిలవలేదు. పెళ్ళికి పిలవకుండా ఉండటం నాయన వల్ల కాలేదు. "పడను. నేను చూసుకుంటా. నన్ను రానీండి" అని అత్త కబురు పంపింది.

ప్రధానం పళ్ళెంలో వాళ్ళు ఒక సెంటు సీసా తెచ్చారు, ఆకుపచ్చ సీసా, గాజు బిరడా. మా ఇంట్లో అంతకుముందు ఎవరూ సెంటు పూసుకున్నవాళ్ళు లేరు. పెళ్ళిరోజు పొద్దున ఆడపడుచు నాకు తెల్లచీర కట్టి, చెవుల వెనకా, కొంగుకూ ఆ సెంటు తడిపి తడిపి రాసింది. మల్లెపూలనూ మించిన వాసన. నేను నడిస్తే గదులు దాటి పోతోందని అందరూ నవ్వారు.

అత్త ముందురోజే నంద్యాలలో మా ఇంటికి వచ్చింది. పెరట్లో రెండొందల మందికి వంట. పొద్దున్నించీ పెద్ద పెద్ద గుండిగల్లో పోపులు. ఇల్లంతా ఆవాల వాసన, మాడిన వాసన, పొగ. అత్త ఎటు తిరిగినా అదే. ఎవరు కనబడితే వాళ్ళను అడిగిందట, "పోపు మాడిందా?" అని. ఆ హడావుడిలో ఎవరు జవాబు చెప్తారు? చెప్పినా, ఒక పోపు సంగతి చెప్పేలోగా ఇంకో పోపు. నేల మీద కూర్చుందట, లేచిందట, మళ్ళీ కూర్చుందట. చివరికి తనకు తానే తీర్పు చెప్పుకుని, పొద్దుటి మాత్రతోపాటు ఇంకో రెండు మింగేసింది. పడకుండా ఉండాలన్నదొక్కటే ఆమెకప్పుడు తోచింది.

చర్చిలో పదిగంటలకు పెళ్ళి. తొమ్మిదిన్నరకు జట్కా వాకిట్లోకి వచ్చింది. అత్త ఏది అని అడిగాను. సామాన్ల గదిలో నిద్రపోతోంది, నువ్వు పిలిస్తే లేస్తుందేమో చూడు అని మా అమ్మ కళ్ళెత్తకుండానే చెప్పి అటు పోయింది. నేను పోయాను. బియ్యం మూటలకు ఆనుకుని ఉంది అత్త. కొత్త తెల్లచీర. కొప్పులోంచి పిన్నులు తీసి పక్కన వరసగా పెట్టుకుంది. నోటి మూలనుంచి చొంగ కారుతోంది. గడపలో నిలబడి చూశాను. ఆమె కనురెప్పలు కదిలాయి. ముక్కు కొంచెం ఎగబీల్చింది. పెదాలు ఏదో అనబోయి ఆగాయి.

నేను పిలిస్తే లేచేది. ఆ సంగతి నాకు తెలుసు. ఆమె లేస్తే నేను చెయ్యి పట్టుకుని జట్కా ఎక్కించాలి. చర్చిలో పిల్లవాడి తల్లి ఎదుట ఆమె నిలబడాలి, ఆ వంకర నోటితో పాడాలి. పాడుతూ పాడుతూ పడితే? ఆ తల్లి మొహం ఎట్లా ఉంటుందో నాకు కనబడింది. అప్పుడు నేను అనుకున్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను: పడుకోనీలే, అందరికీ మేలు. తిరిగొచ్చి జట్కా ఎక్కాను. ఎంత లేపినా లేవలేదని మా అమ్మకు చెప్పాను. అమ్మ ముఖంలో తేలిక పడటం కనిపించింది.

కీర్తన పాస్టరమ్మ గారు ఎత్తుకున్నారు. బాగానే పాడారు.

అత్త ఒంటిగంట దాటాక లేచిందట. భోజనాల దగ్గర చివరి బంతిలో కూర్చున్న ఆమెను నేను దూరంనుంచే చూశాను. దగ్గరికి పోలేదు. బండెక్కేటప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, వాకిట్లో జనం వెనక, ఎడమచేత్తో కుడిచేతిని పైకి ఎత్తుతోంది. వందనం పూర్తయ్యేలోగా బండి కదిలింది.

మా ఆయనకు నంద్యాలలో పత్తి మిల్లులో గుమాస్తా పని. నేనూ నంద్యాల బడికి మార్పించుకున్నాను. రెండో నెలలో అత్త మాత్రల కోసం వచ్చింది, డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. ఎట్లా ఉందని ఆయన అడిగితే, ఫిట్సు లేవని చెప్పి, కాస్త ఆగి అత్త అంది:

"ఈ పిల్ల పెండ్లినాడు కొత్త వాసనొకటి వచ్చె సార్. పోపు కాదు. పూలవాసన మాదిరి, ఘాటుగా. ఎప్పుడూ వచ్చింది కాదు. సగం మెలకువలో ఉండా. లెయ్యాలని ఉండాది. ఇదేందో కొత్తగా వస్తాందే, లేస్తే పడతా, పెండ్లి చెడతాదని కండ్లు మూసుకోని కదలకుండా పండుకున్యా. ఫిట్సు రాల్యా."

ఆ వాసన నా కొంగుది. పడకూడదనే ఆమె కదలకుండా పడుకుంది. నేను అసలు ఆ గడపలోకి పోకుండా ఉండుంటే లేచి ఉండేదేమో. డాక్టరు ఏదో రాసుకుని, నా వైపు తిరిగి, ఆ గదిలో పూలేమన్నా ఉన్నాయా అని అడిగాడు. అత్త కూడా నా వైపు తిరిగింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. పోపు మాడిందా అని అడిగేటప్పటి చూపే అది. చెప్పింది నమ్మడానికి సిద్ధంగా ఉండే చూపు.

"సామాన్ల గదిలో పూలు యాడివి సార్" అన్నాను.

అది అబద్ధం కాదని ఎన్నాళ్ళు నాకు నేను చెప్పుకున్నానో. ఆ గదిలో పూలు లేవు, నిజమే. వాసన మారిందంటే లోపల ఇంకేదో మొదలవుతోందేమోనని డాక్టరు ఆలోచించి, పడుకునేముందు ఇంకో మాత్ర చేర్చాడు. ఆయన తప్పేమీ లేదు. ఆయనకు తెలిసినదాన్నిబట్టి ఆయన రాశాడు. ఆ సాయంత్రమే ఆకుపచ్చ సీసా కాలవలో వంచేశాను. దేవుడికి భయపడి కాదు, అత్త ముక్కుకు భయపడి.

మూడో మాత్ర అత్తను కొంచెం కొంచెంగా తీసుకుపోయింది. ఆళ్లగడ్డకు పోయినప్పుడల్లా వసారాలో గోడకానుకుని కునుకుతూ కనబడేది. గింజలు రెండు మూకుళ్ళలోనూ కలిసిపోయి ఉండేవి. కీర్తన ఎత్తుకోమంటే రెండో మాట దగ్గర ఆగిపోయేది. నన్ను చూడగానే మాత్రం ఒకటి అడిగేది: నీ పెండ్లి సంగతి చెప్పు మే. ఎవరెక్కడ కూర్చున్నారు, కీర్తన ఏ శ్రుతిలో ఎత్తుకున్నారు, పెండ్లికొడుకు తాళి కట్టేటప్పుడు చేతులు వణికినాయా. ప్రతిసారీ మొదటినుంచీ చెప్పేదాన్ని. ఎంత లేపినా లేవలేదా నేను అని చివర్లో అడిగేది. లేవలేదత్తా అనేదాన్ని. అంత మొద్దునిద్ర నాకెట్లా వచ్చెనో అని తనను తాను తిట్టుకునేది. రెండేళ్ళపాటు ఇదే.

యాభై తొమ్మిదిలో ఒక మధ్యాహ్నం పోయాను. గడపలో కూర్చుని, ఒళ్ళో కుడిచేతిని పెట్టుకుని, దాన్ని ఎడమచేత్తో నిమురుతోంది. నన్ను గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. కూర్చోమంది. పెండ్లి సంగతి చెప్పమంది. నేను మొదలుపెట్టాను, తొమ్మిదిన్నరకు జట్కా వచ్చింది అని. ఆ తర్వాత నోరు దానంతటదే నడిచింది. ప్రధానం పళ్ళెంలో సీసా వచ్చిందని చెప్పాను. చెవుల వెనక రాశారని చెప్పాను. సామాన్ల గది గడపలో నిలబడ్డానని, పిలవకుండా పోయానని, ఆ వాసన నాదేనని చెప్పాను. డాక్టరు అడిగినప్పుడు నేను అన్న మాట కూడా చెప్పాను.

అత్త చెంబు విసురుతుందని చూశాను. విసిరితే బాగుండేది. చెయ్యి నిమరడం ఆపి, అర్థం చేసుకోవడానికి ఒక్కో సంగతీ తిరగేసుకుంటున్నట్టు నుదురు ముడిచింది. ఆ తర్వాత మామూలు గొంతుతో అంది.

"అట్లయితే డాక్టరుకు చెప్పల్ల గదా. ఒక మాత్ర తగ్గిస్తాడు."

మరునాడు పొద్దున ఇద్దరం నంద్యాల బస్సెక్కాం. అత్త కిటికీ పక్కన, మధ్యలో నేను, నాకటు పక్క చాగలమర్రిలో ఎక్కి వస్తున్న ఒక పెద్దామె, ఒళ్ళో మామిడిపండ్ల గంప. డాక్టరుతో ఏమని మొదలుపెట్టాలా అని నేను లోలోపల మాటలు కూర్చుకుంటున్నాను. అన్నీ చెప్పాను ఆ రోజు, ఆయన నన్నేమీ అనలేదు, మూడో మాత్ర కొన్ని వారాల మీద మెల్లగా తీసేశాడు. అత్త నాలుక కొంత తేటపడింది కూడా. ఆ మరుసటేడు రెండోసారి పక్షవాతం వచ్చి చనిపోయేదాకా మాట తేటగానే ఉంది. నా పెళ్ళి సంగతి మాత్రం మళ్ళీ ఎన్నడూ అడగలేదు.

కాని నాకు మిగిలింది ఆ బస్సు. ఊరు దాటి కొంతదూరం పోయాక అత్త నిటారుగా కూర్చుంది. ముక్కు ఎగబీల్చింది. చెయ్యి కొప్పులోని పిన్నుల మీదికి పోయింది. నాకు ఏ వాసనా రావడం లేదు. అడుగుతుంది, చెప్దామని ఆమె వైపు తిరిగాను.

అత్త నా మీదుగా వంగి, అటుపక్కనున్న పెద్దామె మోకాలు తట్టింది.

"అక్కా, నీకేమన్నా మాడిన వాసన వస్తాందా?" అని అడిగింది.